పాత కారు అసలు పుట్టుక: చాసిస్, ఇంజిన్, బాడీ నంబర్లతో ఎలా తేల్చుకోవాలి

దేవరకొండ వైపు ఏదో గడీ వెనక కొట్టంలోనో, మిర్యాలగూడలో రైస్ మిల్లు షెడ్డులోనో తార్పాలిన్ కింద పాత కారు ఉందని కబురొస్తుంది. వెళ్లగానే వినపడే మాట ఒకటే: "యాభై ఆరు మోడల్ సార్, అంతా ఒరిజినలే." ఆ యాభై ఆరు ఎక్కడిదని అడిగితే ఆర్‌సీ తీసి చూపిస్తారు. ఆర్‌సీలో ఉన్నది కారు మొదటిసారి రిజిస్టరైన సంవత్సరం కావచ్చు. వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టరైన సంవత్సరం కావచ్చు. పాత పుస్తకం నుంచి కొత్త పుస్తకానికి ఎక్కించేటప్పుడు గుమాస్తా చేసిన పొరపాటు కూడా కావచ్చు. కారు ఎప్పుడు, ఎక్కడ, ఏ రూపంలో తయారైందో దాని మీద గుద్దిన నంబర్లే చెప్పాలి. వాటిలోనూ ఏ ఒక్కదాన్నీ విడిగా నమ్మొద్దు. ప్లేటు మారుతుంది, ఇంజిన్ మారుతుంది, బాడీ మారుతుంది. మూడూ కలిపి చూసి, కారు ఆకారంతో, కాగితాలతో సరిపోల్చితేనే లెక్క తేలుతుంది.

ఏ నంబరు దేనిది

చట్టం దృష్టిలో చాసిస్ (కారు బరువంతా మోసే అడుగు చట్రం) నంబరే కారు. ఇంజిన్ నంబరు ఇంజిన్ వరకే. బాడీ నంబరంటే బాడీ తయారుచేసిన షాపులో ఆ బాడీ ఎన్నోదో చెప్పే వరస నంబరు. ఈ మూడూ ఒకేలా ఉండాలన్న రూలేమీ లేదు, చాలా కార్లలో మూడూ వేర్వేరే. ఫోర్డ్ మోడల్ ఏ లాంటి కొన్ని బండ్లలో మాత్రం ఫ్యాక్టరీలో ఇంజిన్‌కు ఇచ్చిన నంబరునే ఫ్రేమ్ మీద కూడా గుద్దారు. అక్కడ రెండూ ఒకటే ఉండాలి, లేకపోతే ఇంజిన్ మారినట్టే.

బాడీ నంబరును చాసిస్ నంబరు అనుకుని ఆర్‌సీలో ఎక్కించడం పాతరోజుల్లో మామూలుగా జరిగిన తప్పు. ప్లేటు మీద పెద్దగా కనిపించిన నంబరును రాసేసుకునేవాళ్లు. కాబట్టి ఆర్‌సీలోని "చాసిస్ నంబరు" ఫ్రేమ్ మీద దొరక్కపోతే వెంటనే దొంగబండి అనుకోవద్దు. అదే నంబరు బాడీ ప్లేటు మీద ఉందేమో ముందు చూడండి.

కారు కట్టుబడి కూడా తెలిసుండాలి. జీపు, స్టాండర్డ్ హెరాల్డ్, 1930ల నుంచి 1950ల దాకా వచ్చిన చాలా అమెరికన్ కార్లకు కింద వేరే ఫ్రేమ్, పైన బోల్టులతో బిగించిన బాడీ ఉంటాయి. బాడీ మొత్తం మార్చినా ఫ్రేమ్ నంబరు చెక్కుచెదరదు. అంబాసిడర్‌కు, ఫియట్ 1100కు వేరే ఫ్రేమ్ లేదు, బాడీయే చాసిస్. వాటిలో నంబరున్న రేకును కోసి ఇంకో బాడీకి వెల్డింగ్ చేస్తే తప్ప బాడీ "మార్చడం" కుదరదు. అందుకే ఈ రెండు బండ్లలో నంబరు చుట్టూ ఉన్న రేకును నంబరు కంటే ఎక్కువ శ్రద్ధగా చూడాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి

మంచి టార్చి, మెత్తటి నైలాన్ బ్రష్షు లేదా పాత టూత్‌బ్రష్షు, పావు లీటరు కిరోసిన్, బనియన్ వేస్టు, ట్రేసింగ్ పేపర్, మెత్తటి 4బీ లేదా 6బీ పెన్సిల్, సెల్లోటేప్, చిన్న చేతి అద్దం, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, స్కేలు. వైర్ బ్రష్షు, ఎమెరీ పేపర్, గ్రైండర్ ఇంటి దగ్గరే వదిలేయండి. బాత్రూం యాసిడ్ తీసుకెళ్లే ఆలోచన అసలే వద్దు.

1. కడగకముందే ఫొటోలు

అమ్మేవాళ్లు మర్యాదకొద్దీ కారు కడిగి పెడతామంటారు. వద్దనండి. మురికి కూడా సాక్ష్యమే. ఏళ్ల తరబడి పేరుకున్న ఎర్ర చెల్క దుమ్ము ఫ్రేమంతా ఒకే మందంలో ఉండి, నంబరున్న జానెడు చోట మాత్రం కొత్త నల్ల పెయింటు మెరుస్తుంటే, అక్కడ ఈ మధ్యే ఎవరో చెయ్యి పెట్టారు. మఠంపల్లి, హుజూర్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీల దరిదాపుల్లో పడున్న కార్ల మీద సిమెంటు దుమ్ము తేమకు గట్టిపడి పెచ్చులా ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకితే నంబరు కూడా గీసుకుపోతుంది.

ఒక్కో ప్లేటుకూ మూడు ఫొటోలు తీయండి: దూరం నుంచి ఒకటి, అది కారులో ఎక్కడుందో తెలిసేలా, దగ్గర నుంచి ఒకటి, రివెట్లు మాత్రమే కనపడేలా ఒకటి. చాలామంది వదిలేసేది ఈ మూడో ఫొటోనే, తర్వాత ఎక్కువ పనికొచ్చేదీ అదే.

2. నంబర్లు ఎక్కడ వెతకాలి

బానెట్ ఎత్తి, ఇంజిన్‌కూ డ్యాష్‌బోర్డుకూ మధ్యనున్న రేకు గోడతో మొదలుపెట్టండి. బ్రిటిష్ డిజైన్ బండ్లకు, ఫియట్‌కు ప్లేటు సాధారణంగా అక్కడే ఉంటుంది. తర్వాత ఫ్రేమ్ ముందు కొసలు రెండు వైపులా, ముఖ్యంగా స్టీరింగ్ బాక్సు దగ్గర. తర్వాత డోర్ తెరిస్తే కనిపించే స్తంభాలు, సీటు కింద నేల రేకు, డిక్కీ లోపల.

మోడల్ ఏ ఫోర్డ్‌లో ఫ్రేమ్ నంబరు ఎడమ పట్టీ పైభాగాన, బాడీ కిందికి పోయేచోట ఉంటుంది. బాడీ ఎత్తితే తప్ప పూర్తిగా కనపడకపోవచ్చు. దాని ఇంజిన్ నంబరు మాత్రం బ్లాకు ఎడమ పక్కన, నీళ్ల పైపు కలిసేచోటికి కొంచెం పైన, సులువుగా కనిపిస్తుంది. నంబరుకు ముందూ వెనకా నక్షత్రం గుర్తులుంటే అవి నంబరులో భాగం కావు. తర్వాత ఎవరూ అదనంగా అంకెలు చేర్చకుండా ఫ్యాక్టరీ పెట్టిన హద్దులవి.

రెండో ప్రపంచయుద్ధం నాటి జీపుల్లో విల్లీస్ ఎంబీకి ఎడమ ఫ్రేమ్ పట్టీ లోపలి వైపు, ముందు భాగంలో చిన్న ప్లేటు రివెట్ చేసి ఉంటుంది. ఫోర్డ్ జీపీడబ్ల్యూకు ఎడమ పట్టీ పైనే, ఇంజిన్ మౌంటింగ్ దగ్గర గుద్ది ఉంటుంది. గ్లవ్‌బాక్సు మూత మీది ప్లేట్లను నమ్మి డబ్బివ్వొద్దు. అవి కొత్తవి, అచ్చం పాతవాటిలాగే, బజారులో దొరుకుతాయి.

అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ బ్రిటిష్ బీ సిరీస్‌దే. నంబరు బ్లాకు కుడి పక్కన చిన్న ప్లేటు మీద వెతకండి. దాని మీద ఇంజిన్ ఆయిల్, దుమ్ము కలిసి వేలెడు మందం పట్టి ఉంటుంది కాబట్టి ముందు చేత్తో తడిమి చూడండి.

3. శుభ్రం చేయడం

ముందు బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. కిరోసిన్‌లో తడిపిన బనియన్ వేస్టును నంబరు మీద పరిచి పదిహేను, ఇరవై నిమిషాలు వదిలేయండి. తర్వాత నైలాన్ బ్రష్షుతో ఒకే దిశలో తోమండి. గట్టి పెచ్చు రాకపోతే మళ్లీ తడిపి మళ్లీ ఆగండి. ఓపిక తప్ప ఇక్కడ ఇంకో పరికరం లేదు.

నంబరు గుద్దినప్పుడు ఇనుము కిందికి నొక్కుకుపోతుంది. ఆ గాడి లోతు చాలా తక్కువ, తుప్పు ఇప్పటికే అందులో సగం తినేసి ఉండొచ్చు. మిగిలిన సగాన్ని వైర్ బ్రష్షు ఒక్క నిమిషంలో మాయం చేస్తుంది. యాసిడ్ తుప్పుతో పాటు గాడి అంచుల్నీ తినేస్తుంది. అల్యూమినియం ప్లేటైతే అక్షరాలే లేచిపోతాయి. సాండ్ బ్లాస్టింగ్‌కు ఇచ్చే ముందు నంబరున్న చోట టేపు మూడు పొరలు వేయించండి, లేదా ఆ పని పూర్తిగా మానండి. బాడీ పనికి హయత్‌నగర్ ఆటోనగర్‌లో వదిలిన బండి నంబరు మీద పుట్టీ, రెడాక్సైడ్ వేసుకుని తిరిగి రావడం అరుదేమీ కాదు. పని ఒప్పుకునేటప్పుడే "నంబరు చుట్టూ నాలుగు వేళ్ల మేర ముట్టుకోవద్దు" అని కాగితం మీద రాయించుకోండి.

4. చదవడం, పెన్సిల్ ప్రింట్ తీయడం

ఎదురుగా టార్చి కొడితే గాడి కనపడదు. టార్చిని రేకుకు దాదాపు ఆనించి పక్క నుంచి కొట్టండి, నీడ పడి అంకె లేస్తుంది. పక్క మార్చి మళ్లీ కొట్టండి. ఎడమ నుంచి 3లా కనిపించింది కుడి నుంచి 8లా కనిపిస్తే, తుప్పు గుంట ఒక వంపును మూసిందనో, లేని వంపును చూపిస్తోందనో అర్థం. 3 – 8, 1 – 7, 0 – 6, 5 – ఇంగ్లీషు ఎస్, 8 – ఇంగ్లీషు బీ, ఈ జతలు ఎక్కువగా మోసం చేస్తాయి. పాత పంచుల్లో (అంకెలు గుద్దే అచ్చుల్లో) 1 అంకెకు తోక ఉండదు, నిలువు గీతే.

దీనికి మంచి కిటుకొకటి ఉంది. ఒకే అంకె నంబరులో రెండుసార్లు వచ్చిందేమో చూడండి. ఫ్యాక్టరీలో ఒకే పంచు సెట్టు వాడతారు కాబట్టి రెండు 4లూ ఒకే ఎత్తు, ఒకే ఆకారం ఉంటాయి. పంచు అంచు విరిగి ఉంటే ఆ నొక్కు కూడా రెండింటిలోనూ ఒకేచోట పడుతుంది. ఒక 4 నెత్తి మూసి, ఇంకో 4 నెత్తి తెరిచి ఉంటే రెండింట్లో ఒకటి తర్వాత గుద్దింది. వరస వంకరగా ఉన్నంత మాత్రాన మాత్రం దొంగ నంబరు కాదు. చేత్తో సుత్తి పెట్టి గుద్దిన రోజుల్లో వరస వంకర పోవడం మామూలే.

ఇప్పుడు ట్రేసింగ్ పేపర్‌ను నంబరు మీద పరిచి, కదలకుండా రెండు చివర్లూ టేపుతో అంటించండి. పెన్సిల్‌ను పడుకోబెట్టి, ఎక్కువ ఒత్తకుండా, ఒకవైపే రుద్దండి. నల్లటి నేల మీద అంకెలు తెల్లగా వస్తాయి. మూడు ప్రింట్లు తీసి, ప్రతిదాని మీదా తేదీ, ఊరు, కారులో ఎక్కడి నుంచి తీశారో రాయండి. ఆర్టీవో ఆఫీసులో అడిగే చాసిస్ ప్రింటూ ఇలాంటిదే. ఫొటోలో వెలుతురు మోసం చేయొచ్చు, ప్రింటు మాత్రం గాడి ఎంతుంటే అంతే చూపిస్తుంది.

అయస్కాంతాన్ని నంబరు చుట్టూ మెల్లగా జరపండి. పట్టు వదిలిన చోట పుట్టీ ఉంది. నంబరు నుంచి జానెడు దూరంలో నాలుగు వైపులా పట్టు వదిలితే అది కోసి అతికించిన ముక్క. అద్దం పెట్టి రేకు వెనక వైపు చూడండి. ముందు ఎంత నున్నగా చేసినా వెనక వెల్డింగ్ గడ్డలు నున్నగా చేసే ఓపిక ఎవరికీ ఉండదు. ప్లేటుకు పాత నమూనా రివెట్లు కాకుండా నడిమధ్య చిల్లున్న పాప్ రివెట్లుంటే ప్లేటు ఒకసారి ఊడిందన్నమాట. ఊడి మళ్లీ అదే కారుకు ఎక్కిందా, వేరే కారు నుంచి వచ్చిందా అన్నది ప్లేటు మీద తేలదు, గుద్దిన నంబరు మీదే తేలుతుంది.

5. బాడీ నంబరు ఏం చెబుతుంది

తొందరగా దాటేసేది దీన్నే, కథ ఎక్కువగా చెప్పేదీ ఇదే.

జనరల్ మోటార్స్ కార్లకు రేకు గోడ మీద ఫిషర్ బాడీ ప్లేటు ఉంటుంది: స్టైల్, బాడీ, ట్రిమ్, పెయింట్ అని నాలుగు వరసలు. స్టైల్ దగ్గర 50-1069 అని ఉందనుకోండి. 50 అంటే 1950 మోడల్ సంవత్సరం. తర్వాతి 1 అంటే షెవర్లే (2 పాంటియాక్, 3 ఓల్డ్స్‌మొబైల్, 4 బ్యూక్, 6 కాడిలాక్). చివరి 69 నాలుగు డోర్ల సెడాన్. చివర 67 ఉంటే కన్వర్టిబుల్. ఇప్పుడు కారును చూడండి. ప్లేటు సెడాన్ అంటోంది, ఎదురుగా ఉన్నది టాపు లేని కారు అయితే ఎవరో టాపు కోశారు. కన్వర్టిబుల్‌కు ధర ఎక్కువ కాబట్టి కోసేవాళ్లు ఉన్నారు. పక్కనున్న బాడీ నంబరు ఆ ఫ్యాక్టరీలో ఆ స్టైల్ బాడీ ఎన్నోదో చెబుతుంది, చాసిస్ నంబరుతో కలవాల్సిన పని లేదు. ట్రిమ్ నంబరు సీటు బట్టది, పెయింట్ నంబరు మొదటి రంగుది. పెయింట్ కోడ్ ఏ రంగు చెబుతోందో ఆ రంగు డ్యాష్‌బోర్డు వెనక, డోర్ ప్యాడ్ కింద గోరుతో గీకితే కనిపించాలి.

ఇక్కడొక జాగ్రత్త. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయి శివ్డీలో, ఫోర్డ్ 1920ల నుంచి బొంబాయి, మద్రాసు, కలకత్తాల్లో విడిభాగాలు తెప్పించి కార్లు బిగించాయి. ఇద్దరూ 1950ల మధ్యకల్లా దుకాణం కట్టేశారు. రైట్‌హ్యాండ్ కార్లు చాలావరకు కెనడా నుంచి వచ్చాయి, కాబట్టి అమెరికా పుస్తకాల్లోని నంబరు పట్టికలు వీటికి ఒక్కోసారి కుదరవు. పట్టికలో లేదని కారును తప్పు పట్టకండి, కెనడా పట్టిక కూడా చూడండి. మోడల్ ఏ ఫోర్డ్‌కు కెనడాలో తయారైన నంబరు ముందు సీఏ అక్షరాలుంటాయి.

ఇంగ్లండ్‌లో తయారైన ట్రయంఫ్ హెరాల్డ్‌కు కమిషన్ నంబరు (చాసిస్ నంబరుకు ఆ కంపెనీ పెట్టుకున్న పేరు) ఒక ప్లేటు మీద, బాడీ నంబరు ఇంకో ప్లేటు మీద ఉంటాయి. రెండూ వేర్వేరుగానే ఉండాలి. ఒకటే ఉందని మెచ్చుకుంటే మోసపోయినట్టే.

రోల్స్ రాయిస్ లాంటి కార్లలో కంపెనీ చాసిస్, ఇంజిన్ మాత్రమే ఇచ్చేది. బాడీని హూపర్, బార్కర్, థ్రప్ అండ్ మేబర్లీ లాంటి కోచ్‌బిల్డర్లు కట్టేవారు. బాడీ నంబరు వాళ్లది. డోర్ కింది పట్టీ మీద కోచ్‌బిల్డర్ ప్లేటు, ఆ నంబరే చెక్క ఫ్రేము మీద, నేల చెక్కల అడుగున, డోర్ బిజాగరీల మీద, బానెట్ ముక్కల లోపల వెతకాలి. సీట్లు కుట్టేవాళ్లకు కారు ఇవ్వకముందే ఇవన్నీ ఫొటో తీయండి. పాత చెక్క పోయిందని వడ్రంగి కొత్తది వేస్తే పాత ముక్కను కూడా పారేయకుండా దాచండి. వనపర్తి, గద్వాల, కొల్లాపూర్ సంస్థానాల పేరు చెప్పి కారు అమ్మేవాళ్లు ఉంటారు. సంస్థానం పేరును రుజువు చేసేది కారు మీది కిరీటం బొమ్మ కాదు, చాసిస్ నంబరుతో ఉన్న అమ్మకం రికార్డు. రోల్స్ రాయిస్ చాసిస్ కార్డుల్లో మొదట ఎవరు ఆర్డరిచ్చారో, ఏ కోచ్‌బిల్డర్‌కు పంపారో ఉంటుంది. అవి ఇంగ్లండ్‌లోని రోల్స్ రాయిస్ ఎంథూసియాస్ట్స్ క్లబ్ దగ్గరున్నాయి. ఆ కంపెనీ చాసిస్ నంబర్లలో 13ను వదిలేసేది, దాన్ని అపశకునంగా చూసేవారట!

6. నంబరును విడమర్చడం

పదిహేడు అక్షరాల చాసిస్ నంబరు 1980ల నుంచి వచ్చిన పద్ధతి. యాభైల నాటి కారుకు పదిహేడు అక్షరాలు చూపిస్తే అక్కడే ఆగిపోండి. పాతరోజుల్లో ఒక్కో కంపెనీది ఒక్కో లిపి.

మోరిస్ బండ్లకు 1952 నుంచి కొన్నేళ్లు మూడు అక్షరాలు, రెండు అంకెలు, తర్వాత వరస నంబరు ఉండేవి. మొదటి అక్షరం మోడల్ (ఎఫ్ అంటే మైనర్), రెండోది బాడీ రకం, మూడోది రంగు. మొదటి అంకె 1 అయితే ఇంగ్లండ్‌లో అమ్మడానికి చేసిన రైట్‌హ్యాండ్ కారు, 2 అయితే ఎగుమతికి చేసిన రైట్‌హ్యాండ్, 5 అయితే విడిభాగాలుగా పంపిన రైట్‌హ్యాండ్. రెండో అంకె పెయింటు రకం. ఇక్కడ దొరికే మోరిస్ మీద 1 ఉంటే అది ఇంగ్లండ్ వాడకానికి చేసినది, ఎవరో సొంతంగా తెచ్చుకున్నారనుకోవచ్చు. అప్పుడు కస్టమ్స్ కాగితం వెతకాలి.

ఎంజీ కంపెనీ ఎంజీబీ కారు మీద జీహెచ్ఎన్ అని ఉంటే జీ ఎంజీకి, హెచ్ 1400 నుంచి 1999 సీసీ ఇంజిన్‌కు, ఎన్ రెండు సీట్ల టూరర్‌కు గుర్తు. డెబ్బైల మెర్సిడెస్‌లో మోడల్‌ను చెప్పే ఆరు అంకెల తర్వాత వచ్చే అంకె 1 అయితే లెఫ్ట్‌హ్యాండ్, 2 అయితే రైట్‌హ్యాండ్. ఆ పక్క అంకె 0 అయితే మాన్యువల్ గేరు, 2 అయితే ఆటోమేటిక్. నంబరు లెఫ్ట్ అని చెబుతూ స్టీరింగ్ కుడివైపు ఉంటే మార్పిడి చేశారు.

జీపులకు నంబరుతో పాటు ఇనుమే సాక్ష్యం చెబుతుంది. యుద్ధం నాటి ఎంబీ, జీపీడబ్ల్యూ అన్నీ లెఫ్ట్‌హ్యాండే. రేకు గ్రిల్లుకు తొమ్మిది చీలికలు. మొదట్లో వచ్చిన విల్లీస్‌లకు రేకు గ్రిల్లు బదులు ఇనుప పట్టీల గ్రిల్లు ఉండేది. మహీంద్రా చేసిన సీజే 3బీకి ఏడు చీలికలు, ఎత్తయిన బానెట్. ముందు అడ్డపట్టీ గుండ్రటి పైపైతే విల్లీస్ ఫ్రేమ్, బోర్లించిన తొట్టిలా ఉంటే ఫోర్డ్ ఫ్రేమ్. ఫోర్డ్ జీపు బోల్టుల తలల మీద ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఉంటుంది. జీపుల్లో ఇంజిన్ మారడం మాత్రం ఇక్కడ సర్వసాధారణం. పొలాలకు, బోరు బండ్ల వెంట తిరగడానికి డీజిల్ కావాల్సొచ్చి పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ ఎక్కించినవే ఎక్కువ. డీజిల్ జీపు దొరికితే ఇంజిన్ నంబరుతో వయసు లెక్కపెట్టకండి.

ఫియట్ విషయంలో డోర్లే సగం సంగతి చెబుతాయి. 1950ల నాటి ఫియట్ 1100లో ముందు డోర్ల బిజాగరీలు నడి స్తంభానికి ఉంటాయి, డోరు ముందు అంచు దగ్గర తెరుచుకుంటుంది. 1964లో ఇక్కడ వచ్చిన 1100డీలో బిజాగరీలు ముందున్నాయి. ఆ బాడీయే తర్వాత ప్రీమియర్ ప్రెసిడెంట్, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. ఆర్‌సీలో 1957 అని ఉండి డోరు బిజాగరీ ముందుంటే, ప్లేటో కాగితమో వేరే బండిది. ఫియట్‌కు వేరే ఫ్రేమ్ లేదు కాబట్టి "బాడీ మాత్రం మార్చాం" అన్న సమాధానం చెల్లదు.

అంబాసిడర్‌లో గ్రిల్లు చూసి అది ఏ మార్క్ (ఏ తరం మోడల్) బండో చెప్పేవాళ్లను నమ్మొద్దు. గ్రిల్లు, లైట్లు, బంపరు అన్నీ బోల్టులే, పాత బండికి కొత్తవి, కొత్త బండికి పాతవి ఎక్కించుకున్నారు. 1979 దాకా అన్నీ పెట్రోలే. అంతకుముందు నాటి బండిలో డీజిల్ ఉంటే తర్వాత వేసిందే. 1.8 ఇసుజు ఇంజిన్ 1990ల్లో వచ్చింది.

7. చిన్న భాగాల మీది తేదీలు

లూకాస్ డైనమో, స్టార్టర్, వైపర్ మోటారు ఒంటి మీద చిన్న అంకెలు గుద్ది ఉంటాయి. "8 54" అంటే 1954 ఆగస్టు. పాత షెవర్లే బ్లాకు మీద పోత పోసిన తేదీ ఒక అక్షరం, రెండు సంఖ్యల్లో ఉంటుంది: ఏ అంటే జనవరి, బీ ఫిబ్రవరి, అలా ఎల్ అంటే డిసెంబరు. "డీ 14 0" అంటే ఏప్రిల్ 14, సంవత్సరం చివరి అంకె 0. అది 1940నా 1950నా అన్నది ఇంజిన్ రకాన్ని బట్టి తెలుస్తుంది.

లెక్క ఇలా చూడాలి: పోత తేదీ కారు తయారైన తేదీకి ముందే ఉండాలి. కొన్ని రోజులో వారాలో ముందుంటే అసలు ఇంజిన్ అనుకోవచ్చు. పోత తేదీ కారు తయారీ తర్వాతదైతే ఆ ఇంజిన్ తర్వాత వచ్చిందే, ఇక వాదన లేదు. డైనమో ఒక్కటే కొత్తదైతే కంగారు వద్దు, డైనమో కాలిపోతుంది, మారుస్తారు. నాలుగైదు భాగాలు ఒకే సంవత్సరం చుట్టూ తిరుగుతుంటే ఆ సంవత్సరాన్ని నమ్మండి.

అమెరికన్ మోడల్ సంవత్సరం ముందు ఏడాది శరదృతువులోనే మొదలవుతుంది. 1950 మోడల్ 1949 చివర్లో తయారై, ఓడలో వచ్చి, బొంబాయిలో బిగించుకుని, 1951లో రిజిస్టరై ఉండొచ్చు. ఈ మూడు తేదీలూ మూడు గడుల్లో రాసుకోండి. ఒకదాన్ని ఇంకోదానితో కొట్టేయకండి.

8. నంబరు ప్లేటు, కాగితాలు

1989 జూలైకి ముందు రిజిస్టరైన బండ్లకు మూడు అక్షరాలు, తర్వాత అంకెలు. ఏపీతో మొదలైతే 1956 నవంబరు తర్వాతిది. బీఎం బొంబాయి, ఎంఎస్ మద్రాసు, ఎంవై మైసూరు, డబ్ల్యూబీ బెంగాల్. మక్తల్, గద్వాల వైపు ఎంవై నంబర్లు దొరకడం వింత కాదు, పక్కనే రాయచూరు. రాయచూరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది కాబట్టి అక్కడి కారుకు అంతకంటే పాత హైదరాబాద్ నంబరు కూడా ఉండి ఉండొచ్చు. ఆర్‌సీలో పాత నంబరు గడి చూడండి.

1989 తర్వాత నల్గొండ ఏపీ 24, మహబూబ్‌నగర్ ఏపీ 22. 2014 నుంచి టీఎస్ 05, టీఎస్ 06. 2024 మార్చి నుంచి టీజీ. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. సూర్యాపేట, భువనగిరి బండ్ల పాత రిజిస్టర్ల కోసం నల్గొండలో, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల బండ్ల కోసం మహబూబ్‌నగర్‌లో ముందు అడగండి. ఆన్‌లైన్‌లో దొరకలేదంటే రికార్డు లేదని కాదు, పుస్తకంలో ఉండొచ్చు. బీ రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ (ఆర్టీవో రిజిస్టర్‌లో ఆ బండి వివరాల నకలు) కోసం రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. అందులో మొదటి యజమాని నుంచి చేతులు మారిన వరస, ఇంజిన్ మార్పు ఎంట్రీలు ఉంటాయి.

నిజాం కాలపు రసీదులు దొరికితే ఉర్దూ చదివేవాళ్లకు చూపించండి. వాటి మీద సంవత్సరం తరచుగా ఫస్లీలో (నిజాం సర్కారు వాడిన సంవత్సర లెక్కలో) ఉంటుంది. ఫస్లీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు ఏడాది వస్తుంది. 1350 ఫస్లీ అంటే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా. ధర హాలీ (నిజాం) రూపాయల్లో ఉందా కల్దార్‌లో (ఇంగ్లీషు సర్కారు రూపాయల్లో) ఉందా చూసుకోండి, రెండింటి విలువ ఒకటి కాదు.

బయటి దేశపు బండికి తయారీ రికార్డు కావాలంటే ఇంగ్లండ్ గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం మోరిస్, ఆస్టిన్, ఎంజీ, ట్రయంఫ్ లాంటి వాటికి ఫీజు తీసుకుని హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. జాగ్వార్‌కు జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఉంది. తయారీ తేదీ, మొదటి ఇంజిన్ నంబరు, రంగు, ఏ దేశానికి పంపారు అన్నవి అందులో వస్తాయి. దరఖాస్తుకు మీ పెన్సిల్ ప్రింట్, ఫొటో జతచేయండి.

9. కలవకపోతే

ఆర్‌సీలో ఒక్క అంకె తేడా, అదీ 3 – 8 లాంటి జత అయితే అది రాత పొరపాటు. పాత టాక్స్ రసీదు, ఇన్సూరెన్స్ కాగితాల్లో సరైన నంబరు వెతికి, ప్రింట్‌తో సహా సవరణకు దరఖాస్తు పెట్టాలి. ఇంజిన్ నంబరు మొత్తం వేరైతే ఇంజిన్ మార్పు ఆర్‌సీలో ఎక్కలేదని అర్థం. ఆ పని అమ్మేవాళ్లతోనే పూర్తి చేయించి కొనండి. చాసిస్ నంబరు మొత్తం వేరైతే, లేదా చుట్టూ వెల్డింగ్ ఉంటే అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు.

తుప్పు తిని నంబరు చదవడానికి రాకపోతే మళ్లీ గుద్దించే పని మీరు పెట్టుకోకండి. ఆర్టీవో రాతపూర్వక అనుమతి లేకుండా పంచ్ చేస్తే మీ మీదే కేసవుతుంది. గుద్దిన దెబ్బకు కింది ఇనుములో పడ్డ ఒత్తిడి, పైన అంకె చెరిగినా కొంత లోతు దాకా మిగులుతుంది. దాన్ని రసాయనంతో బయటికి తెచ్చే పద్ధతి ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఉంది. గ్రైండర్ లోతుగా తగిలిందంటే ఆ అవకాశమూ పోతుంది.

10. వీఏ (వింటేజ్) నంబరుకు వెళ్లేముందు

2021 జూలై నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని టూవీలర్లు, కార్లను వింటేజ్‌గా నమోదు చేయించవచ్చు. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఇంతదాకా చేసిన పరిశీలన అక్కరకొచ్చేది ఇక్కడే: డీజిల్ వేసిన జీపు, టాపు కోసిన షెవర్లే ఆ మాట దగ్గరే ఆగిపోతాయి. ఫారం 20లో దరఖాస్తు, ఇన్సూరెన్స్, పాత ఆర్‌సీ, దిగుమతి బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ కాగితం) జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించడానికి 5,000 ఫీజు నిర్ణయించారు. ఇప్పటికే రిజిస్టరైన బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు, కొత్తగా చేయించే వాటికి మధ్యలో వీఏ అక్షరాలు వస్తాయి. ఆ తర్వాత రోజూ రోడ్డెక్కించడానికి లేదు. ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే.

దరఖాస్తుకు ముందు ఒక ఫైలు కట్టండి: కడగకముందు ఫొటోలు, మూడు పెన్సిల్ ప్రింట్లు, బాడీ ప్లేటు వివరాలు, భాగాల తేదీలు, బీ రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్, సర్టిఫికెట్ ఉంటే అది. తనిఖీకి వచ్చినవాళ్లు బానెట్ ఎత్తగానే ఫైల్లో ఆ పేజీ తీసి పక్కన పెట్టండి. నంబరు మీద పెయింటు మాత్రం ఆ రోజు దాకా వేయించకండి.